కార్టూన్లకి కథలు రాయాలనుందా? ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా రాయాలి, డబ్బులెలా అడగాలి

కార్టూన్‌కి కథ రాయడానికి బొమ్మలు గీయడం రానక్కర్లేదు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే అడిగేవాళ్ళలో చాలామంది "నాకు డ్రాయింగ్ రాదండీ" అని అక్కడే ఆగిపోతారు. గీయడం రాకపోయినా ఇబ్బంది లేదు గానీ, మీరు రాసిన ఒక్కో వాక్యాన్ని తెర మీదకి తేవడానికి అవతల ఎవరు ఎన్నాళ్ళు కూర్చోవాలో మాత్రం తెలిసి తీరాలి. పత్రికల్లో కథలు రాసి పేరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఇక్కడికొచ్చి తడబడేది సరిగ్గా ఆ విషయం దగ్గరే.

ముందు ఎవరికి రాస్తారో తేల్చుకోండి

తెలుగు బాగా వచ్చినవాళ్ళకి ఈ రంగంలో ప్రధానంగా మూడు రకాల పని దొరుకుతుంది. మూడింటికీ కావాల్సిన తయారీ వేరు.

మొదటిది యూట్యూబ్ కథల ఛానళ్ళు. ఒకసారి తెలుగు కార్టూన్ కథలు అని వెతికి చూడండి: పేద కోడలు, ధనిక కోడలు, మాయా గేదె, పిసినారి అత్త, వర్షంలో పకోడీల బండి, ఇలా పేజీలకి పేజీలు వస్తాయి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, కొత్తవాడికి తెలుగులోనే రాసి డబ్బు తీసుకునే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. వీటిలో చాలా భాగం పిల్లల కార్టూన్లు కావు, ఇంట్లో పని చేసుకుంటూ ఆడవాళ్ళు వినే కథలు, కళ్ళు తెర మీద లేకపోయినా అర్థమైపోవాలి. అందుకే వాటిలో మాటలెక్కువ. పని త్వరగా దొరుకుతుంది, వేగం నేర్పుతుంది, కానీ పాత్రలు రెండే రెండు రకాలుగా ఉంటాయి కాబట్టి ఏళ్ళ తరబడి అందులోనే ఉంటే చేయి మొద్దుబారిపోతుంది.

రెండోది డబ్బింగ్ మాటలు. టీవీ పిల్లల ఛానళ్ళలో, ఓటీటీల్లో వచ్చే కార్టూన్లు చాలావరకు హిందీలోనో ఇంగ్లీషులోనో రాసినవి, తర్వాత తెలుగులోకి వస్తాయి. ఆ తెలుగు మాటలు రాసేవాళ్ళు కావాలి. ఇది అనువాదం అనుకుని వెళ్ళారంటే ఇబ్బంది పడతారు, పెదాల లెక్క ఇది. హిందీలో పాత్ర "భాగో!" అని అరిచిందనుకోండి. మీరు "పారిపోండి!" అని రాస్తే నోరు మూతపడ్డాక కూడా అక్షరాలు మిగిలిపోతాయి. "పద!" అంటే పొడవు సరిపోతుంది, పైగా "భా" దగ్గర కలిసి విడిపోయిన పెదాలకి "ప" కూడా అతుకుతుంది. ప, ఫ, బ, భ, మ పలికినప్పుడు పెదాలు కలుస్తాయి, మిగతావాటికి కలవవు. ఇంత చిన్న లెక్క మీదే ఆ పనంతా నడుస్తుంది. హిందీ మీద మంచి పట్టున్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, కథ రాసే అవకాశం వచ్చేలోపు ఇల్లు గడిపేది ఇదే కావచ్చు.

మూడోది స్టూడియోలో రచయితగా చేరడం, లేదా స్టూడియోకి బయట నుంచి ఎపిసోడ్లు రాయడం. అందరికీ కావాల్సింది ఇదే. దేశమంతా చూసిన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్లో మొదలైంది, తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే, గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో. అయితే హైదరాబాద్ స్టూడియో కదా, తెలుగులో రాసిస్తే తీసుకుంటారులే అనుకోకండి. దేశవ్యాప్త ఛానళ్ళకి వెళ్ళే స్క్రిప్టుల్లో సన్నివేశ వర్ణన ఇంగ్లీషులో, మాటలు హిందీలో ఉండటం మామూలు, ఆ హిందీని కూడా చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు. పెద్ద ఇంగ్లీషు అవసరం లేదు. "కాకి కొమ్మ మీద నుంచి జారింది" అన్నది తప్పుల్లేకుండా రాయగలిగితే చాలు.

ఇవి కాక చదువుల యాప్‌లు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు చేయించుకునే రెండు నిమిషాల ప్రచార కార్టూన్లు ఉన్నాయి. పేరు రాదు, డబ్బు మాత్రం కాస్త నయంగా వస్తుంది.

బొమ్మ ఎలా తయారవుతుందో తెలుసుకోండి

దీన్ని దాటేసి నేరుగా రాయడం మొదలుపెట్టకండి. మీ స్క్రిప్టు ఓకే అయ్యాక స్టోరీబోర్డ్ ఆర్టిస్టు దాన్ని షాట్లుగా విడగొట్టి గళ్ళలో గీస్తాడు. ఆ గళ్ళన్నీ వరసగా పేర్చి, తాత్కాలికంగా ఎవరో చదివిన గొంతు పెట్టి వీడియోలా నడిపిస్తారు, దాన్ని యానిమాటిక్ అంటారు. కథ నడుస్తుందో కుంటుతుందో మొదట బయటపడేది అక్కడే. ఈలోపు డిజైన్ వాళ్ళు కొత్త పాత్రలు, వస్తువులు, స్థలాలు గీస్తారు. త్రీడీ అయితే ప్రతి పాత్రకీ మోడల్ చేసి, దానికి రంగులూ తొడుగులూ వేసి, లోపల ఎముకల్లాంటి రిగ్ పెట్టాలి. అప్పుడు గానీ అది చెయ్యెత్తదు. ఆ తర్వాతే యానిమేషన్, లైటింగ్, రెండరింగ్ (కంప్యూటర్ చేత తుది బొమ్మలు తీయించడం), శబ్దాలు.

ఇప్పుడు మీరు ఇలా రాశారనుకుందాం: "తిరనాళ్ళలో జనం కిటకిటలాడుతున్నారు. చంటి వాళ్ళ మధ్య నుంచి పరుగెత్తాడు." కథలో అయితే ఇవి రెండు వాక్యాలు, రాయడానికి పది సెకన్లు పట్టవు. స్టూడియోలో ఎవరో ఒకరు తల పట్టుకుంటారు. జనమంటే పంచెలు, చీరలు, పిల్లల్ని భుజాన ఎత్తుకున్న నాన్నలు, బుడగలమ్మేవాడు, అందరూ కదలాలి, అందరికీ వేరు వేరు మొహాలుండాలి. ఆ ఒక్క షాట్‌కి అయ్యే పనితో మామూలు ఎపిసోడ్‌లో ఎంతో భాగం పూర్తయిపోతుంది.

అలాగని తిరనాళ్ళు తీసేయక్కర్లేదు. చంటిగాడి ఎత్తులోంచి చూడండి. వాడికి కనిపించేవి కాళ్ళు. పంచె అంచులు, చెప్పులు, ఒక గజ్జెల కాలు, కింద పడిన జీడి ముక్క, దాని చుట్టూ చీమలు. పైనుంచి మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, రంగులరాట్నం కిర్రుమనే చప్పుడు. ఆరేడు జతల కాళ్ళు చేసుకుంటే వాటినే అటూ ఇటూ తిప్పి వాడుకోవచ్చు. ఖర్చు తగ్గింది సరే, సన్నివేశం కూడా బాగుపడింది, ఎందుకంటే తప్పిపోయిన పిల్లాడికి జాతర నిజంగా అలాగే ఉంటుంది. ఇలా ఆలోచించగలిగే రచయితని ఏ నిర్మాతా వదులుకోడు.

ఖరీదైనవేవో గుర్తుపెట్టుకోండి: గుంపులు, పారే నీళ్ళు, తడిసిన బట్టలు, విరబోసుకున్న పొడుగాటి జుట్టు, ఇద్దరు పెనుగులాడటం, ఒక వస్తువు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారడం (చిన్న విషయంలా కనిపిస్తుంది, త్రీడీ యానిమేటర్‌ని అడిగి చూడండి), ఒక్క సన్నివేశం కోసం పుట్టుకొచ్చే కొత్త ఊరు. యూట్యూబ్ ఛానళ్ళలో వాడే టూడీ కటౌట్ బొమ్మలైతే ముందు నుంచీ పక్క నుంచీ మాత్రమే కనబడతాయి చాలాసార్లు, వెనక్కి తిరగమంటే మళ్ళీ గీయాలి. చవకైనవీ ఉన్నాయి: మొహంలో మారే భావాలు, చీకట్లో రెండు కళ్ళు, తలుపు అవతల నుంచి వినిపించే దబ్బుమనే చప్పుడు. తలుపు వెనక పోట్లాటకి ఒక తలుపు, నాలుగు చప్పుళ్ళు, కింద సందులోంచి ఎగిరొచ్చే ఒక ఈక చాలు. నవ్వు ఏమాత్రం తగ్గదు.

పని అడగబోయే ముందు ఆ ఛానల్‌వి ఓ పది ఎపిసోడ్లు చూసి, వాళ్ళ దగ్గర ఏ ఇళ్ళున్నాయి, ఏ పాత్రలున్నాయి, ఏ బండి ఉంది, ఒక చోట రాసుకోండి. వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉన్న సామానుతో తయారయ్యే కథ పట్టుకెళ్తే మీ మీద గౌరవం అక్కడికక్కడే పెరుగుతుంది.

చప్పుడు తీసేసి చూడండి

ఏదైనా మంచి ఎపిసోడ్ ఒకటి తీసుకుని సౌండ్ మ్యూట్ చేసి చూడండి. ఎక్కడ నవ్వొచ్చిందో ఆ నిమిషం, సెకను రాసుకోండి. ఎక్కడ కథ అర్థం కాలేదో అదీ రాసుకోండి. టామ్ అండ్ జెర్రీ 1940 నుంచి ఉంది, అందులో మాటలు ఎక్కడో తప్ప ఉండవు, మన తాతలూ మనవలూ కలిసి చూశారు. భీమ్ చిన్నప్పటి కథలుగా నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో వచ్చిన మైటీ లిటిల్ భీమ్‌లో కూడా సంభాషణలు లేవు, అందుకే డబ్బింగ్‌తో పనిలేకుండా ఏ దేశంలో పెట్టినా చూడగలిగారు.

తర్వాత అదే ఎపిసోడ్‌ని ఆపుతూ ఆపుతూ చూసి స్క్రిప్టులా తిరిగి రాయండి, ప్రతి షాట్‌కీ ఒక లైను. విసుగొస్తుంది. రెండు ఎపిసోడ్లు ఇలా చేస్తే మాత్రం ఒక నిమిషంలో ఎన్ని విషయాలు జరుగుతాయో, పాత్ర ఎంత తక్కువ మాట్లాడుతుందో చేతికి అలవాటవుతుంది. ఏ కోర్సులోనైనా చివరికి చేయించేది ఇదే.

కోర్సు మాటొచ్చింది కాబట్టి: కార్టూన్ రచనకే ప్రత్యేకంగా డిగ్రీ చేయాలని ఎవరూ అడగరు. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది, అహ్మదాబాద్ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో, ముంబై ఐఐటీ డిజైన్ విభాగంలో యానిమేషన్ చదువులున్నాయి, పుణె సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌ప్లే రచన నేర్పుతారు. వెళ్ళగలిగితే మంచిదే. రచయితకి మాత్రం వీటి వల్ల ఇంకో ఉపయోగం ఉంది: అక్కడి విద్యార్థులకి చివరి సంవత్సరంలో చిన్న ఫిల్ము చేయడానికి కథ కావాలి, బొమ్మలు అద్భుతంగా గీస్తారు, కథ దగ్గర చాలామంది తంటాలు పడతారు. రెండు నిమిషాల కథ ఒకటి ఉచితంగానైనా సరే ఇవ్వండి. మీ పేరుతో కదిలే బొమ్మ ఒకటి చేతికొస్తుంది, ఊరికే ఫైలు పంపేవాడికీ మీకూ తేడా అదే. (ఉచితం అన్నది విద్యార్థులకే. లాభాల కోసం నడిచే ఛానల్ "ముందొకటి ఫ్రీగా రాయండి, చూద్దాం" అంటే పాత శాంపిల్ చూపించండి, కొత్తది రాయకండి.)

ఒక కథని మొదటి నుంచీ చేసి చూద్దాం

ఒక ఆలోచన తీసుకుందాం. అమ్మమ్మ కళ్ళజోడుని కాకి ఎత్తుకుపోతుంది. అంతవరకూ సంఘటనే, ఇంకా కథ కాలేదు. కాకి దాన్ని పెట్టుకుంటే? అన్నీ పెద్దగా కనిపిస్తాయి. అన్నీ పెద్దగా కనిపిస్తే కాకికి ఏమవుతుంది? ముందు ఆశ పుడుతుంది, తర్వాత భయం పుడుతుంది. ఇప్పుడు కథ అయింది.

మొదట రెండు వాక్యాల్లో రాయండి, దీన్ని ప్రిమైజ్ అంటారు: "అమ్మమ్మ కళ్ళజోడు ఎత్తుకుపోయిన కాకికి బూంది గింజ లడ్డూలా కనబడి సంబరపడుతుంది, కానీ పెరట్లో పిల్లికూన కూడా పులిలా కనబడేసరికి పరుగు లంకించుకుంటుంది. కళ్ళజోడు లేక ఏమీ కనబడని అమ్మమ్మ, కళ్ళజోడు వల్ల అన్నీ తప్పుగా కనబడే కాకి, ఒకరి పొరపాట్లు ఒకరికి అడ్డం పడతాయి." స్టూడియోలు మొదట అడిగేది ఇంతే. ఒకేసారి అయిదారు ప్రిమైజ్‌లు పంపమంటారు, ఒకటో రెండో ఎంచుకుంటారు, మిగతావి పక్కన పెట్టేస్తారు. బాధపడే పని కాదు, పద్ధతే అది.

ఎంచుకున్నాక ఔట్‌లైన్. ఒకటిన్నర రెండు పేజీల్లో మొదలు నుంచి చివరిదాకా ఏం జరుగుతుందో, మాటలు లేకుండా. టీవీలో ఎక్కువగా కనిపించే కొలత 11 నిమిషాలు, అలాంటివి రెండు కలిపి ప్రకటనలతో అరగంట స్లాటు నింపుతారు. ఏడు నిమిషాలవీ ఉంటాయి. 11 నిమిషాల్లో ఒకే ఒక సమస్య పడుతుంది. కళ్ళజోడు కథలో పక్కింటావిడ పెళ్ళిచూపులు కూడా పెడదామనిపిస్తే అది వేరే ఎపిసోడ్‌కి దాచుకోండి.

ఇక్కడొక ముఖ్యమైన పరీక్ష. సమస్యని తీర్చేది ఎవరు? మన కథల్లో చివరికి తాతగారొచ్చి నాలుగు మంచి మాటలు చెబుతారు, అందరూ తలలూపుతారు. కార్టూన్‌లో అది కుదరదు. చిక్కులో పడ్డ పాత్రే, కథలో అంతకు ముందు మనం చూసిన వస్తువుతోనే బయటపడాలి. అమ్మమ్మకి కాకి ఎక్కడుందో కనబడదు, కానీ ఆవిడకి వినబడుతుంది, రోజూ అన్నం ముద్ద పెట్టేటప్పుడు ఆవిడ గిన్నె మీద చెంచాతో కొట్టే చప్పుడు కాకికి అలవాటు. ఆ చప్పుడు మొదటి నిమిషంలోనే చూపించేశామనుకోండి, చివర్లో అదే చప్పుడు కథని తీర్చేస్తుంది.

ఔట్‌లైన్ ఓకే అయితే స్క్రిప్టు. మామూలు కథ రాసే అలవాటున్నవాళ్ళు మొదటిసారి ఇలా రాస్తారు: "ఆ కాకి చాలా దురాశ గలది. లడ్డూని చూడగానే దానికి నోరూరింది. ఇంత పెద్ద లడ్డూ నాకే సొంతం కావాలి అనుకుంది." యానిమేటర్ దీన్ని చదివి ఏం చేయాలి? దురాశకి బొమ్మ లేదు. ఇలా రాసి చూడండి:

సీన్ 3. బయట, అమ్మమ్మ పెరడు, పగలు.

జామచెట్టు కొమ్మ మీద కాకి. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంది. కాలితో పైకి నెట్టుకుంటుంది. మళ్ళీ జారుతుంది.

కాకి చూపులోంచి: అరుగు మీద పెద్ద లడ్డూ, మెరుస్తూ.

కాకి చుట్టూ చూస్తుంది. ఎవరూ లేరు. అరుగు మీద వాలుతుంది. రెండు రెక్కలూ విదిలించి, కాళ్ళు ఎడంగా పెట్టి, బరువు మోసేవాడిలా ఊపిరి బిగబడుతుంది.

మామూలు చూపులోంచి: దాని ముందున్నది ఒక్క బూంది గింజ.

కాకి ముక్కుతో గింజని పట్టి బలమంతా పెట్టి లాగుతుంది. గింజ తేలిగ్గా లేచిపోతుంది. కాకి ఆ ఊపుకి వెల్లకిలా వెళ్ళి తులసికోట దగ్గర పడుతుంది.

కాకి: (అయోమయంగా) క్కా?

చూడండి, ఒక పాత్ర, ఒక స్థలం, ఒక గింజ. దురాశ అన్న మాట లేదు గానీ అది కనబడుతోంది. ఇక్కడ నవ్వు "మామూలు చూపులోంచి" అన్న లైనులో ఉంది, దాన్ని పైకో కిందికో జరిపితే నవ్వు పోతుంది. ముందే గింజ చూపిస్తే ఏం జరగబోతోందో తెలిసిపోతుంది, కాకి పడ్డాక చూపిస్తే ఎందుకు పడిందో ఆలస్యంగా అర్థమవుతుంది. ఏ షాట్ ఏ షాట్ తర్వాత అన్నది దర్శకుడి పని కదా అంటారు కొందరు. చివరి మాట ఆయనదే, కానీ కాగితం మీద నవ్వు రాకపోతే అది ఆయన దాకా వెళ్ళదు.

కళ్ళజోడు ఒక్క కాలితో సర్దుకోవడం గమనించారా? పాత్రకి అలాంటి చిన్న అలవాటు ఒకటి ఇస్తే యానిమేటర్లు దాన్ని పట్టుకుని ఎపిసోడంతా ఆడుకుంటారు. మీరు రాయని చోట కూడా పెడతారు. పెట్టనివ్వండి.

రాశాక బయటకి చదవండి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, చేతల దగ్గర కూడా ఆగి మనసులో ఆ చేత జరిగేంత సేపు ఇచ్చి. తెలుగులో మాటలు పొడుగు, "వెళ్ళిపోతున్నావేమిటి" అనేలోపు బొమ్మ వీధి చివర ఉంటుంది. ఒక్కో డైలాగు ఒక గుక్కలో అయిపోవాలి. ఫైలు యూనికోడ్‌లోనే పంపండి (ఫోన్లో టైప్ చేస్తే వచ్చే తెలుగు అదే), డీటీపీ ఫాంట్లలో టైప్ చేసి పంపితే అవతల తెరిచేసరికి పిచ్చి గీతలు కనబడతాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు, గూగుల్ డాక్స్ చాలు.

ఏ వయసుకి రాస్తున్నారు?

మూడేళ్ళ పిల్లకీ తొమ్మిదేళ్ళ పిల్లాడికీ ఒకే కథ పని చేయదు. చిన్నవాళ్ళకి జరిగిందే మళ్ళీ జరగడం ఇష్టం, మూడోసారి ఏమవుతుందో ముందే చెప్పగలగడం వాళ్ళకి గెలుపు. పెద్ద పిల్లలకి అదే చూపిస్తే లేచి వెళ్ళిపోతారు.

ఛానళ్ళు గట్టిగా పట్టించుకునేది పిల్లలు చూసి చేసేయగల ప్రమాదాల గురించి. మన కళ్ళజోడు బావి గట్టు మీద పడిందని, చంటి లాంటి పిల్లాడు గట్టెక్కి తీశాడని రాశారనుకోండి, ఆ పేజీ ఎర్ర గీతతో వెనక్కొస్తుంది. అగ్గిపెట్టె, కరెంటు ప్లగ్గు, తలకి ప్లాస్టిక్ సంచి, మందు సీసా, డాబా పిట్టగోడ, ఇవన్నీ అదే కోవ. కాకి బావి మీద ఎగరొచ్చు, ఎందుకంటే పిల్లాడు ఎగరలేడు. నత్తివాడి మీద, లావుపాటివాడి మీద, నల్లటి అమ్మాయి మీద జోకులు కూడా తీసేయండి. మన యూట్యూబ్ కథల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి, నడవకూడదు, పెద్ద ఛానల్‌కి పంపే శాంపిల్‌లో అలాంటిది ఒక్కటున్నా మిగతాది చదవరు.

పాత కథలు వాడుకోవచ్చా?

పంచతంత్రం, తెనాలి రామకృష్ణుడు, పరమానందయ్య శిష్యులు, మర్యాద రామన్న, ఇవి ఎవరి సొంతం కావు, వాడుకోండి. ఇబ్బంది ఎక్కడంటే, మీరు చదివిన పుస్తకంలో ఆ కథని ఒక రచయిత తన మాటల్లో, తన మలుపులతో రాసుంటారు. ఆ రాత మీద హక్కు ఆయన జీవితకాలం, ఆపై 60 ఏళ్ళు ఉంటుంది మన చట్టంలో. 1947లో మొదలైన చందమామ కథలని చాలామంది ఊరందరి సొమ్ము అనుకుంటారు. భేతాళ కథల మూలం సంస్కృతంలో పాతికే, అవి అందరివీ. కానీ పత్రికలో నెలనెలా దశాబ్దాల పాటు వచ్చినవి కొత్తగా రాసిన కథలు, అవి రాసినవాళ్ళకీ ప్రచురించినవాళ్ళకీ చెందుతాయి. పాత కథ కావాలంటే మూలం దాకా వెళ్ళి అక్కడి నుంచి మీ దారి మీరు వేసుకోండి. నా మట్టుకు నేను కొత్తవాళ్ళకి చెప్పేది శాంపిల్‌గా పాత కథ పంపొద్దనే. కుందేలు సింహాన్ని బావి దగ్గరికి తీసుకెళ్ళడం అవతలివాడు ఎన్నిసార్లు చదివుంటాడో ఊహించుకోండి.

శాంపిల్స్, పని అడగడం

మూడు ఫైళ్ళు చాలు. ఒకటి, వాళ్ళ షోకే రాసిన అయిదు ప్రిమైజ్‌లు ఒక పేజీలో. రెండు, మీ సొంత పాత్రలతో 11 నిమిషాల పూర్తి స్క్రిప్టు. మూడు, ఒక్క మాట కూడా లేని రెండు నిమిషాల స్క్రిప్టు. మూడోది ఎవరూ అడగరు, చదివినవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. మెయిల్ నాలుగు వాక్యాలు దాటొద్దు. చిన్నప్పటి నుంచి మీకు కార్టూన్లంటే ప్రాణమన్న సంగతి అక్కర్లేదు, వాళ్ళందరికీ అంతే.

యూట్యూబ్ ఛానళ్ళకైతే ఛానల్ వివరాల్లో సాధారణంగా మెయిల్ ఉంటుంది, వారం వారం కథలు పడుతున్నాయంటే వాళ్ళకి రచయితలు ఎప్పుడూ తక్కువే. స్టూడియోల్లో కథా విభాగం వాళ్ళని లింక్డిన్‌లో వెతకండి. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమింగ్ రంగాల వాళ్ళు కలిసే ఇండియాజాయ్ లాంటి వేడుకలకి వెళ్తే ఒకే హాల్లో చాలా స్టూడియోల వాళ్ళు కనబడతారు, స్క్రిప్టు ప్రింటు తీసి చేతిలో పెట్టకండి, ఎవరూ మోసుకెళ్ళరు, ప్రిమైజ్ నోటితో అరనిమిషంలో చెప్పడం సాధన చేసుకుని వెళ్ళండి.

ఏఐ సంగతి అడుగుతారు కాబట్టి: అత్తాకోడళ్ళ కథని ఏఐతో రాయించి, ఏఐ గొంతు పెట్టి, రోజుకి పదేసి వదిలే ఛానళ్ళు వచ్చేశాయి. 2025 జూలైలో యూట్యూబ్ ఇలా మూసలో పోసి గుట్టలుగా తయారుచేసే వీడియోలకి ఆదాయం ఇవ్వబోమని తన నియమాన్ని ఇంకాస్త స్పష్టం చేసింది. ఆ మూసలో రాసే రచయితకి గిరాకీ తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. అందుకే బూంది గింజ దగ్గర కాకి ఊపిరి బిగబట్టడం లాంటివి రాయడం నేర్చుకోమంటున్నా.

డబ్బు, కాగితం

యూట్యూబ్ ఛానళ్ళు స్క్రిప్టుకింత అని ఇస్తాయి. టెన్షన్ పడి వాళ్ళు చెప్పిన అంకెకి తలూపకండి, ముందు మీ గంటలు లెక్కేసుకోండి: ఆలోచన, రాత, వాళ్ళు చెప్పిన మార్పులు, ఫోన్లో పోయే టైము. పిల్లల వీడియోల మీద ఆదాయం తక్కువ సార్ అంటారు, అందులో కొంత నిజముంది. 2020 జనవరి నుంచి పిల్లల కోసం అని గుర్తుపెట్టిన వీడియోల్లో చూసేవాళ్ళని బట్టి వేసే ప్రకటనలు ఆగిపోయాయి, కామెంట్లు కూడా ఉండవు. అత్తాకోడళ్ళ కథలు ఆ లెక్కలోకి రావు కాబట్టి ఆ మాట అక్కడ చెల్లదు.

పని మొదలుపెట్టే ముందు మెయిల్లో రాయించుకోవాల్సినవి: మొత్తం ఎంత, అందులో అడ్వాన్స్ ఎంత, మార్పులు ఎన్నిసార్లు (రెండుసార్లు ఉచితం, ఆపై డబ్బు అనండి), ఔట్‌లైన్ ఓకే అయ్యాక వాళ్ళు ఆపేస్తే ఎంత, తెర మీద మీ పేరు ఎక్కడ. వాట్సాప్‌లో "ఓకే అండి, చూసుకుందాం" అన్నది ఒప్పందం కాదు. నాకు తెలిసిన ఒకాయన ఒక ఛానల్‌కి వరసగా కథలు రాసిస్తే డబ్బులు వ్యూస్ వచ్చాక అన్నారు, వ్యూస్ వచ్చాయి, ఫోన్ ఎత్తడం మానేశారు.

మీరు జీతానికి పని చేస్తూ ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు యజమానిదే. బయట నుంచి రాస్తుంటే మీరు రాసిచ్చే కాగితాన్ని బట్టి ఉంటుంది. అన్ని హక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా అని సాధారణంగా ముందే అచ్చేసి తెస్తారు. కాగితంలో కాలం రాయకపోతే చట్టం అయిదేళ్ళు అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది, కాబట్టి వాళ్ళు రాయక మానరు. వాళ్ళ పాత్రలకి రాసిన ఎపిసోడ్ హక్కులు ఇచ్చేయడం మామూలే, దాని మీద పోట్లాడి లాభం లేదు. పోట్లాడాల్సింది మీరు సృష్టించిన పాత్ర గురించి. కళ్ళజోడు కాకి మీది అయితే దాని మీద బొమ్మలు, పుస్తకాలు, రెండో సిరీస్ వస్తే మీకేంటి అన్నది ఆ రోజే తేలాలి.

అందుకే సొంత పాత్రని ఎవరికైనా చూపించే ముందు నమోదు చేసుకోండి. ఉత్త ఆలోచనకి కాపీరైట్ ఉండదు, రాసినదానికి ఉంటుంది, కాబట్టి పాత్రల వర్ణన, నాలుగైదు కథలు, ఒక పూర్తి స్క్రిప్టు కలిపి రాయండి. కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో సాహిత్య రచన నమోదుకి ఫీజు 500 రూపాయలు. ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే స్క్రిప్టు ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవచ్చు, హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు పాన్ అడుగుతారు, కంపెనీ అయితే పది శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకోవచ్చు, రిటర్న్ వేస్తే మీ ఆదాయాన్ని బట్టి వెనక్కొస్తుంది. చాలామంది వేయరు, పోగొట్టుకుంటారు.

మార్పులు వచ్చినప్పుడు

మొదటి స్క్రిప్టు ఎర్రగా తిరిగొస్తుంది. దర్శకుడు, నిర్మాత, ఛానల్, ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు, ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డంగా. అప్పుడు ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టి ఏది పాటించాలో రాసి చెప్పమని అడగండి, మీరు మధ్యలో తీర్పు చెప్పకండి. "ఇక్కడ ఇంకొంచెం ఫన్ కావాలి" అన్న మాట తరచూ వస్తుంది. దానర్థం అక్కడ జోకు పెట్టమని కాదు చాలాసార్లు, అంతకు ముందు సన్నివేశంలో మీరు సిద్ధం చేయాల్సినదేదో చేయలేదని. అక్కడికెళ్ళి చూడండి. పిల్లికూనని తీసేసి కుక్కపిల్ల పెట్టమన్నారంటే ఎందుకని వాదించే ముందు అడగండి, వాళ్ళ దగ్గర కుక్కపిల్ల రిగ్ ఇప్పటికే ఉండొచ్చు.

మెయిల్ పెట్టి రెండు వారాలైనా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి, మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేయకండి. ఈలోపు అవే ప్రిమైజ్‌లు ఇంకో షోకి సరిపోతాయేమో చూసి, పాత్రల పేర్లు మార్చి ఊరుకోకుండా ఆ షో పిల్లల వయసుకీ ఆ షో ఇళ్ళకీ తగ్గట్టు తిరగరాసి పంపండి.